గోడ అవతలి మాటలు

పక్క ఫ్లాట్ ఆయన తలుపు కొట్టేసరికి రాత్రి తొమ్మిదిన్నర. మంచి మనిషి. ఆరేళ్ళుగా పక్కపక్కనే ఉంటున్నాం, ఎప్పుడూ మాటా మాటా రాలేదు. గుమ్మం దగ్గరే నిలబడి చెప్పాలా వద్దా అన్నట్టు కాసేపు నసిగి, "ఏమనుకోకండి సార్, మీ టీవీ... పాపకు ఎల్లుండి పరీక్ష. ఏం మాట్లాడుతున్నారో ఒక్క ముక్క తెలియదు కానీ సౌండ్ మాత్రం వస్తూనే ఉంటుంది. అదే చిరాకు" అన్నారు.

సారీ చెప్పి లోపలికి వచ్చాను. హాల్లో బాపు టీవీకి నాలుగడుగుల దూరంలో కుర్చీ వేసుకుని సీరియల్ చూస్తున్నాడు. వాల్యూమ్ 48. రిమోట్ అందుకుని 20కి తగ్గించాను. బాపు నావైపు చూశాడు గానీ ఏమీ అనలేదు. ఐదు నిమిషాలు వట్టి బొమ్మలు చూసి, లేచి వెళ్ళి పడుకున్నాడు.

నేను ఫిజిక్స్ లెక్చరర్ని. ఇంటర్ పిల్లలకు ఇరవై నాలుగేళ్ళుగా 'తరంగాలు' పాఠం చెబుతున్నాను. వృత్తి దోషం అంటారే, అలాంటిదొకటి నాకూ ఉంది. ఎవరైనా బాధ చెప్పుకుంటే ముందు అందులో సూత్రం కనబడుతుంది, ఆ తర్వాతే బాధ. ఆ రాత్రి కూడా పక్కింటాయన ఇబ్బంది కంటే ఆయన అన్న మాటే నా బుర్రలో తిరిగింది. సౌండ్ వస్తుంది, మాట తెలియదు. ఎంత కరెక్టుగా చెప్పాడు!

మా రెండు ఫ్లాట్లకూ మధ్య ఉన్నది ఒకటే ఇటుక గోడ. గోడ శబ్దాన్ని ఆపుతుంది, నిజమే. కానీ అన్ని శబ్దాలనూ ఒకేలా ఆపదు. గాలిలో వచ్చిన శబ్దం గోడను తోస్తుంది. గోడ బరువైనది, బద్ధకంగా కదులుతుంది. సెకనుకు నూరుసార్లు మెల్లగా తోస్తే కొంచెమైనా ఊగుతుంది. నాలుగు వేల సార్లు తోస్తే, ఇటు కదలబోయేలోపు అటు లాగినట్టయి దాదాపు నిలబడిపోతుంది. అందుకని బొంగురు శబ్దాలు దాటిపోతాయి, సన్నటివి ఇవతలే ఆగిపోతాయి. ఫ్రీక్వెన్సీ రెట్టింపైన ప్రతిసారీ గోడ ఇంకో 6 డెసిబెల్స్ ఎక్కువగా ఆపుతుందని లెక్క. 125 హెర్ట్జ్ నుంచి 4000 హెర్ట్జ్ వరకు ఐదుసార్లు రెట్టింపవుతుంది. అంటే 30 డెసిబెల్స్ తేడా, తీవ్రతలో చెబితే వెయ్యి రెట్లు. వినాయక నిమజ్జనం డీజే వీధి చివర ఉన్నా మన కిటికీ అద్దాలు దడదడలాడేదీ, పాట ఏమిటో మాత్రం తెలియనిదీ ఇందుకే.

(ఇందులో ఇంకో తమాషా ఉంది. మన చట్టం ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి పది దాటాక 45 డెసిబెల్స్ మించకూడదు. ఆ కొలత మనిషి చెవి తీరును అనుసరించి బొంగురు శబ్దాలకు విలువ తగ్గించి లెక్కేస్తుంది. గోడ దాటి వచ్చి మనల్ని వేధించేవే ఆ బొంగురు శబ్దాలు. మీటరు నోట్లో వేలు పెట్టినా కొరకదు.)

మర్నాడు కాలేజీలో ఇదంతా పిల్లలకు ఉదాహరణగా చెప్పేశాను కూడా. బాగా నవ్వారు. పాఠం రక్తి కట్టింది. కుర్చీ దగ్గరకు లాక్కుని కూర్చున్న మా బాపు సంగతి మాత్రం ఆలోచించలేదు.

అమ్మ 2021లో పోయింది. ఒక ఏడాది బాపు సిరిసిల్లలో ఒక్కడే ఉన్నాడు. తర్వాత నేను బలవంతంగా హైదరాబాద్ తీసుకొచ్చాను. వచ్చినప్పటి నుంచి ఇంట్లో అందరికీ ఆయన మీద ఒకే ఫిర్యాదు. "మామయ్యకు కావలసినవే వినబడతాయి" అని మా ఆవిడ. "తాత యాక్టింగ్ చేస్తాడు డాడీ" అని మా అమ్మాయి. నిజంగానే అలా ఉండేది. వంటింట్లో గిన్నె పడితే ఉలిక్కిపడేవాడు. కింద గేటు మోగితే చెప్పేవాడు. మనం మాట్లాడుతుంటే సరైన చోట తల ఊపేవాడు, సరైన చోట నవ్వేవాడు. తీరా అడిగితే మనం చెప్పిన దాంట్లో సగం తెలిసేది కాదు. చెవిటివాని ముందు శంఖం ఊదినట్టు అంటారు గానీ, మా బాపుకు శంఖం బ్రహ్మాండంగా వినబడుతుంది. అందుకే ఆయనకు చెవుడని మాకెవరికీ తట్టలేదు.

తర్వాత ఒక ఆదివారం ఈ గొడవ జరిగింది. డాక్టర్ బీపీ మాత్ర మార్చి, మొదటి పది రోజులూ సగమే వేసుకొమ్మన్నాడు. మా ఆవిడ వంటింట్లోంచే చెప్పింది, "సగం వేసుకోండి మామయ్యా" అని. బాపు తలూపాడు. రోజూ నిండు మాత్ర వేసుకున్నాడు. ఆరో రోజు పొద్దున బాత్రూమ్ దగ్గర కళ్ళు తిరిగి గోడకు జారగిలబడ్డాడు. దెబ్బలేమీ తగల్లేదు, మా అదృష్టం. మధ్యాహ్నం భోజనాల దగ్గర నాకు కోపం ఆగలేదు.

"చెప్పింది వినకుండా నీ ఇష్టం వచ్చినట్టు వేసుకుంటే ఎట్ల బాపు? అది తప్పు. తప్పు!" అన్నాను.

బాపు ముద్ద మింగి, "మంచిగున్నది రా పప్పు. ఉప్పే జర తక్కువైంది" అన్నాడు.

మా అమ్మాయి పొలమారేలా నవ్వింది. మా ఆవిడ నవ్వు ఆపుకోవడానికి వంటింట్లోకి వెళ్ళింది. నాకు మాత్రం ఒళ్ళు మండింది. గొంతు పెంచి మళ్ళీ అదే చెప్పాను. ఇంకా పెంచి మూడోసారి చెప్పాను. బాపు కంచంలో చెయ్యి ఆపేసి నన్ను చూశాడు.

"ఎందుకు ఒర్రుతున్నవ్ రా? చప్పుడు ఇనవడుతనే ఉన్నది. ఏమంటున్నవో తెలుస్తలేదు."

పది రోజుల కింద పక్కింటాయన మా గుమ్మంలో నిలబడి అన్నది కూడా అక్షరాలా ఇదే. ఆయనకూ నాకూ మధ్య ఒక గోడ ఉంది. బాపుకూ నాకూ మధ్య ఉన్నది అన్నం గిన్నె.

తర్వాత ఆ రాత్రంతా నేను చేసింది, ఇరవై నాలుగేళ్ళుగా బోర్డు మీద రాస్తున్నదాన్ని మొదటిసారి చదువుకోవడం.

ఒకటో తరగతిలో నేర్చుకున్న అచ్చులూ హల్లులే తీసుకోండి. అ, ఆ, ఓ అంటున్నప్పుడు గొంతులో తంత్రులు కంపిస్తాయి. బలమంతా వాటిదే, ఆ బలం చాలావరకు వెయ్యి హెర్ట్జ్ లోపల ఉంటుంది. స, శ, త, చ లాంటివి అలా కాదు. నాలుకా పళ్ళూ కలిసి గాలిని సన్నగా కోస్తే పుట్టే చిన్న చప్పుళ్ళు అవి. 'స' అయితే 4000 హెర్ట్జ్ పైన బుస్సుమంటుంది. బలం తక్కువ, ఆయుష్షు తక్కువ. 'త' విడిచినప్పుడు వచ్చే చిటుకు సెకనులో కొన్ని వందో వంతులు కూడా ఉంటుందో ఉండదో. మాటకు వాల్యూమ్ ఇచ్చేది అచ్చు. అది ఏ మాటో చెప్పేది మాత్రం చాలాసార్లు హల్లు. తప్పు, పప్పు, కప్పు. మొదటి చిటుకు తీసేయండి, మూడూ ఒకటే.

పైగా మన మాటలు చాలావరకు అచ్చుతోనే ముగుస్తాయి. వాక్యం మొత్తం ఒక రాగంలా సాగుతుంది. ఎక్కడ ప్రశ్న, ఎక్కడ కోపం, ఎక్కడ వేళాకోళం అన్నది ఆ రాగం ఎత్తుపల్లాలను బట్టే తెలిసిపోతుంది, అది బొంగురు వైపే ఉంటుంది. బాపుకు ఆ రాగం అందుతోంది. అందుకే సరైన చోట తలూపుతున్నాడు, సరైన చోట నవ్వుతున్నాడు. అది యాక్టింగ్ కాదు. సాహిత్యం వినబడని పాటకు తాళం వేస్తున్నాడంతే.

మరి అరిస్తే? ఇక్కడే నా మీద నాకు సిగ్గేసింది. మనం అరిచినప్పుడు బలం పెరిగేది అచ్చులకు. హల్లులు ఆ స్థాయిలో పెరగవు. మీరే చూడండి, 'స' అనే శబ్దాన్ని ఒక్కదాన్నే గట్టిగా అరవడానికి ప్రయత్నించండి. అరవలేరు. పెద్ద అచ్చు పక్కన చిన్న హల్లు మరింత మునిగిపోతుంది. నేను గొంతు పెంచినకొద్దీ బాపుకు నా కోపం ఇంకా బాగా వినబడింది, నా మాట ఇంకా తక్కువగా. టీవీ వాల్యూమ్ 48 కథా అంతే. ఆయనకు కావలసినది ఆ 48లోనూ లేదు. ఉందేమోనని పెంచుకుంటూ పోతున్నాడు.

మర్నాడు మా అమ్మాయి ఫోన్‌లో ఒక ఆడియో యాప్ వేసి, వార్తల రికార్డింగ్‌లోంచి 1500 హెర్ట్జ్ పైన ఉన్నదంతా తీసేసి, మా ఆవిడకు ఇయర్‌ఫోన్స్ పెట్టింది. వాల్యూమ్ ఫుల్. అర నిమిషం విని తీసేసింది. "పక్కింట్లో ఎవరో పోట్లాడుకుంటున్నట్టుంది" అంది. తర్వాత కొంచెంసేపటికి, "మామయ్య రోజంతా ఇదేనా వింటున్నది?" అని అడిగింది. ఆ రోజు నుంచి ఆవిడ వంటింట్లోంచి మాట్లాడలేదు. ఏం చెప్పాలన్నా వచ్చి ఎదురుగా నిలబడి చెబుతుంది. నేను అలవాటు చేసుకోవడానికి ఇంకో రెండు నెలలు పట్టింది.

బాపు చెవిలో ఈ గోడ ఎప్పుడు కట్టారో, ఎవరు కట్టారో నాకు తెలుసు. నేనక్కడే పెరిగాను.

సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచా అంటాం. పద్దెనిమిదేళ్ళప్పుడు సాంచా దగ్గర నిలబడ్డ బాపు అరవై దాకా నిలబడ్డాడు. రేకుల షెడ్డు, ఎనిమిది సాంచాలు, పన్నెండు గంటల షిఫ్టు. నాడె ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు నిమిషానికి వందసార్లకు పైగా పోతుంది. పోయిన ప్రతిసారీ దాన్ని ఒక కట్టె ఫెడీమని కొట్టి పంపుతుంది. సాంచా చప్పుడంటే ప్రధానంగా ఆ దెబ్బే. రేకుల కప్పు, సిమెంటు నేల, ఆ దెబ్బను పీల్చుకునే మెత్తటి వస్తువు షెడ్డులో ఏదీ ఉండదు, నేస్తున్న బట్ట తప్ప.

కిందటి దసరాకు వెళ్ళినప్పుడు అలాంటి ఒక షెడ్డులో ఫోన్ యాప్‌తో కొలిచాను. 97 చూపించింది. ఫోన్ మైకు అంత నమ్మదగింది కాదు, రెండు మూడు అటూ ఇటూ వేసుకోండి. పిల్లలకు ఎప్పుడూ తికమకపెట్టే లెక్క ఇది. ఒక సాంచా 88 డెసిబెల్స్ అయితే రెండు కలిస్తే 176 కాదు, 91. నాలుగు కలిస్తే 94, ఎనిమిదికి 97. డెసిబెల్ కూడికల లెక్క కాదు, రెట్ల లెక్క. అంకె చూస్తే ఎనిమిది సాంచాలకు తొమ్మిదే పెరిగింది అనిపిస్తుంది. చెవిలో పడే శక్తి మాత్రం ఎనిమిది రెట్లు. అమెరికాలో వృత్తి ఆరోగ్యం చూసే నియోష్ అనే సంస్థ లెక్క ప్రకారం రోజుకు 85 డెసిబెల్స్‌లో ఎనిమిది గంటలు పనిచేయవచ్చు. మూడు పెరిగిన ప్రతిసారీ ఆ టైము సగమవుతుంది. 88కి నాలుగు గంటలు, 91కి రెండు, 94కి ఒకటి. 97 దగ్గర అరగంట. బాపు నిలబడింది పన్నెండు గంటలు. నలభై రెండేళ్ళు.

లోపల జరిగేది ఏమిటంటే, చెవిలో నత్తగుల్లలా చుట్టుకున్న గొట్టం ఉంటుంది. అందులో సన్నటి రోమాల్లాంటివి ఉన్న కణాలు, ఒక్కో చెవికి సుమారు 15 వేలు. పియానో మెట్లలా ఒక్కో చోటు ఒక్కో స్వరానికి. సన్నటి శబ్దాల వంతు గొట్టం మొదట్లో, బొంగురువి లోపలి చివర. పెద్ద చప్పుడుకు ఏళ్ళ తరబడి ఊగి ఊగి మొదట విరిగేవి 4000 హెర్ట్జ్ చుట్టుపక్కలవి. ఎందుకలా? దానికి ఒక కారణం మా ల్యాబ్‌లోనే ఉంది. గాజు గొట్టంలో నీళ్ళు పోసి, శృతిదండం కొట్టి పైన పెడితే, గాలి స్తంభం ఒక పొడవు దగ్గర ఒక్కసారిగా ఖంగుమంటుంది. అనునాదం. 512 హెర్ట్జ్ దండానికి సుమారు 16 సెంటీమీటర్లు. ఏటా రెండు బ్యాచ్‌లకు ఈ ప్రయోగం చేయిస్తాను. మన చెవి రంధ్రం కూడా ఒక చివర కర్ణభేరితో మూసిన గొట్టమే, పొడవు రెండున్నర సెంటీమీటర్లు. లెక్కేస్తే అది ఖంగుమనేది దాదాపు 3400 హెర్ట్జ్ దగ్గర. ఆ ప్రాంతపు శబ్దాన్ని చెవే పది డెసిబెల్స్‌కు పైగా పెంచి లోపలికి పంపుతుంది. మనిషి మాటలోని సన్నటి హల్లులు బాగా వినడానికి పనికొచ్చే ఏర్పాటే, సాంచా పక్కన నిలబడ్డవాడికి అక్కడే గండి కొడుతుంది. కోడికి ఆ రోమకణాలు పోతే మళ్ళీ మొలుస్తాయట. మనిషికి మొలవవు.

చిన్నప్పుడు మాకు సాంచాల చప్పుడు చప్పుడే కాదు. ఇంటి వెనకాలే షెడ్డు. రాత్రంతా నడిచేది. దానికి మెలకువ రావడం ఎప్పుడూ ఎరగం. కరెంటు పోతే మాత్రం టక్కున లేచేవాళ్ళం, అక్కా నేనూ ఇద్దరమూ. నిశ్శబ్దానికి మెలకువ వచ్చేది. అమ్మ చీకట్లోనే, "ఏం లేదు, కరెంటు పోయింది, పండుకోండ్రి" అనేది. చలికాలం రాత్రుళ్ళు మానేరు అవతల నుంచి కూడా సాంచాలు వినబడేవని మా మేనమామ అనేవాడు. నమ్మేవాణ్ణి కాదు. డిగ్రీలో చదువుకున్నాక తెలిసింది. రాత్రి నేల చల్లబడితే కింది గాలి పైగాలి కంటే చల్లగా ఉంటుంది. చల్లటి గాలిలో ధ్వని నెమ్మది. పైన వేగం, కింద నెమ్మది అయ్యేసరికి పైకి పోవలసిన శబ్దం కిందికి వంగి దూరంగా వచ్చి దిగుతుంది. అందుకే అర్ధరాత్రి ఎక్కడో రైలు కూత కూడా పక్క వీధిలోలా వినబడుతుంది.

షెడ్డులో మాటలుండవు. పెదాలు చూసి అర్థం చేసుకుంటారు, చేతులతో చెప్పుకుంటారు. కండెలు అయిపోయాయి, బీము మార్చాలి, చాయ్‌కి పోదామా, అన్నిటికీ ఒక్కో సైగ. బాపు అందులో దిట్ట. ఆ అలవాటే ఆయన చెవుడును మా నుంచి దాచింది కూడా. ఎదురుగా ఉంటే పెదాలు చూసి లాక్కొచ్చేవాడు. కరోనా వచ్చి అందరూ మూతికి మాస్కులు కట్టుకున్నాక ఆయన ఒక్కసారిగా ముభావంగా అయిపోయాడు. మేమేమో భయపడ్డాడనుకున్నాం.

చెవి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళడానికి ఆయన్ను ఒప్పించడం వేరే కథ. చిన్న గదిలో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్ పెట్టి, వినబడితే బటన్ నొక్కమన్నారు. అద్దంలోంచి నేను చూస్తున్నాను. మొదట టకటకా నొక్కాడు. తర్వాత తర్వాత బటన్ మీద వేలు పెట్టుకుని ఎదురుచూస్తూ కూర్చున్నాడు. టెస్టు చేసే అమ్మాయి శబ్దాలు పంపుతూనే ఉంది, ఆమె స్క్రీన్ మీద కనబడుతూనే ఉంది. బాపు అయిపోయిందేమోనని నావైపు చూశాడు.

కాగితం చేతికిచ్చారు. 500 హెర్ట్జ్ దగ్గర గీత 20లో ఉంది, ఆ వయసుకు చాలా మంచి చెవి. అక్కణ్ణుంచి జారి 4000 దగ్గర 70కి పడిపోయింది. తేడా 50 డెసిబెల్స్. అంటే ఆ స్వరం ఆయనకు వినబడాలంటే లక్ష రెట్లు తీవ్రంగా ఉండాలి. డాక్టర్ చెప్పింది రెండు మాటలు. "మెషీన్ పెడదాం. కానీ మీరు అరవడం మానేయండి. ముఖం కనబడేలా నిలబడి, నిదానంగా మాట్లాడండి."

డెసిబెల్‌లోని 'బెల్' గ్రహాంబెల్ పేరు. ఆ సంగతి ఏటా చెబుతాను. టెలిఫోన్ కనిపెట్టాడని చెబుతాను. ఆయన తల్లికి దాదాపు వినబడదనీ, భార్యకు అసలే వినబడదనీ, ఆయన వృత్తి రీత్యా బధిరులకు పాఠాలు చెప్పే మాస్టారనీ ఒక్కసారి కూడా చెప్పలేదు. సిలబస్‌లో లేదు. తల్లితో మాట్లాడేటప్పుడు మిగతావాళ్ళలా గొట్టంలో అరవకుండా, ఆమె నుదుటికి దగ్గరగా మెల్లగా, మంద్రంగా మాట్లాడేవాడని ఆయన జీవితకథలు రాసినవాళ్ళు చెబుతారు.

రెండు చెవులకూ మెషీన్లు వచ్చాయి. ధర చెప్పను, మా ఆవిడ స్కూటీ కంటే ఎక్కువైందని మాత్రం చెబుతాను. అది మంత్రం కాదు. పోయిన కణాలు రావు. ఆయనకు తక్కువైన చోట మాత్రమే శబ్దాన్ని పెంచుతుంది, మిగిలిన కణాలతో ఎంత అందితే అంత. మొదటి వారం బాపు మమ్మల్ని తిట్టని రోజు లేదు. "ఇంత లొల్లి జేస్తరా మీరు ఇంట్ల?" అని. పేపర్ తిప్పితే చిరాకు. మా ఆవిడ స్టీలు చెంచా పెడితే చిరాకు. కుక్కర్ విజిల్ కంటే ముందు బుసబుసమంటుంది కదా, అది విని గ్యాస్ లీకవుతోందని స్టవ్ కట్టేశాడు. నడుస్తుంటే తన చెప్పులు తనకే వినబడుతున్నాయని రెండు రోజులు ఒట్టి కాళ్ళతో తిరిగాడు. రెండు వారాలకు సర్దుకున్నాడు. టీవీ 22కి వచ్చింది. పక్కింటాయన లిఫ్టులో కనబడి థ్యాంక్స్ చెప్పారు.

ఈ మధ్య ఒక రాత్రి మా అమ్మాయి తాతకు ఏదో రహస్యం చెప్పాలని చెవి దగ్గర అరచెయ్యి అడ్డం పెట్టి గుసగుసలాడింది. చెయ్యి అడ్డం రావడంతో మెషీన్ కూయ్ మని అరిచింది. దానిలోంచి వచ్చే శబ్దం చేతికి తగిలి మళ్ళీ దాని మైకులోకే పోతే అలా అరుస్తుంది, పెళ్ళిపందిట్లో మైకు అరిచినట్టు. బాపు ఉలిక్కిపడి తీసి పక్కన పెట్టాడు. "ఇప్పుడు చెప్పు బిడ్డా" అన్నాడు. అది మళ్ళీ గుసగుసగా చెప్పింది. ఆయనకు ఏమీ తెలియలేదు. పిల్ల పడుకోవడానికి వెళ్ళాక నన్నడిగాడు, "మామూలుగ మాట్లాడ్తే సగమన్న తెలుస్తది. గుసగుస ఎందుకు అసలుకే ఇనవడది రా?"

నాకు ఇష్టమైన ప్రశ్న. ఉత్సాహంగా ఆయన చెయ్యి తీసుకుని నా గొంతు మీద పెట్టాను. "అమ్మ" అన్నాను. "చూడు, అదురుతుందా?" అదురుతోందన్నాడు. ఇప్పుడు చూడమని అదే మాట గుసగుసగా అన్నాను. గొంతు అదరలేదు. గుసగుసలో తంత్రులు కంపించవనీ, అది వట్టి గాలి అనీ, నీకు బాగా వినబడే బొంగురు భాగం అందులో లేనే లేదనీ, ఉన్నదంతా నీకు అందని వైపే ఉంటుందనీ ఎదురుగా కూర్చుని నిదానంగా చెప్పాను. డాక్టర్ చెప్పినట్టే.

బాపు తన వేళ్ళు తన గొంతు మీద పెట్టుకున్నాడు. పెదాలు కదిపి చూసుకున్నాడు. చాలాసేపు ఏమీ అనలేదు.

"మీ అమ్మ గూడ గట్లనే మాట్లాడింది గద ఆ రాత్రి" అన్నాడు.

కరీంనగర్ ఆస్పత్రి. ఆక్సిజన్ మాస్క్. తెల్లవారుజామున అమ్మ కళ్ళు తెరిచి బాపును దగ్గరికి రమ్మని సైగ చేసిందట. ఆయన ఒంగితే ఏదో చెప్పిందట. కాసేపే. అప్పుడు అక్కా నేనూ కింద వరండాలో ఉన్నాం. ఆ తర్వాత అక్క ఎన్నిసార్లు అడిగిందో లెక్కలేదు, అమ్మ ఏమన్నది బాపు అని. ప్రతిసారీ ఒకటే జవాబు. "ఏమంటది? మంచిగ తినుమన్నది. మిమ్ముల మంచిగ చూసుకొమ్మన్నది."

"నాకు తెల్వలేదు రా" అన్నాడు ఇప్పుడు. "మాస్కుంటుండె, నోరు గూడ అవుపడలే. సుయ్ మనుకుంట గాలి చప్పుడొకటి. సరే సరే అని తలకాయ ఊపిన. ఆమె గూడ ఊపింది."

నా బుర్ర అప్పటికే లెక్కలు మొదలుపెట్టింది. ఆక్సిజన్ బుస సన్నటి శబ్దం, మాస్కు పెదాలను దాచింది, గొంతులో శ్వాసే తప్ప నాదం లేదు. అన్నీ సరిపోతున్నాయి. ఒక్కటి కూడా పైకి అనలేదు.

బాపు పక్కన పెట్టిన మెషీన్ తీసుకుని మెల్లగా చెవిలో సర్దుకున్నాడు. పైకి చూశాడు.

"గా ఫ్యాన్ బంద్ చెయ్యి రా" అన్నాడు. "చప్పుడైతున్నది."